రెండో డిస్కులో తొమ్మిది వరుసలు: ఒక ఆయకట్టు జాబితా కేసు

నెల్లూరులో కంప్యూటర్ సర్వీసు షాపు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఫ్లాపీ పట్టుకుని వచ్చేవాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో. వాళ్ల పని పది నిమిషాల్లో అయిపోతుంది, లేదంటే అసలు అవదు. ఈ కేసు మాత్రం ఎనిమిది రోజులు నడిచింది. ఇందులో నా తప్పులు రెండున్నాయి. రాయడానికి సగం కారణం అవే.

మనిషి పేరు, ఊరు, చెరువు పేరు ఇవ్వడం లేదు. సర్వే నంబర్లు అసలే ఇవ్వను. రికార్డుల సంఖ్య, సెక్టార్ల సంఖ్య లెక్క చెడకుండా కొద్దిగా మార్చాను. కమాండ్లను ఫోన్‌లో చెప్పినట్టు మాటల్లోనే రాశాను, ఈ పనిలో ఉన్నవాళ్లకు అర్థమవుతాయి.

నేపథ్యం

వచ్చింది డెబ్బై దాటిన రైతు. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడినప్పుడు తమ చెరువు సంఘంలో ఆయన కూడా ఉన్నారు. మరుసటి ఏడాది సంఘం వాళ్లు ఆయకట్టు మొత్తాన్ని టౌన్లో ఒక కంప్యూటర్ సెంటర్లో ఎక్కించారు. ఏ తూము కింద ఏ సర్వే నంబరు, ఎవరి పేరు, ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్లు, అన్నీ. ప్రింటు తీయించి, ఫ్లాపీలు కూడా అడిగి తెచ్చుకున్నారు. ప్రింటు చెదల పాలైంది. ఫ్లాపీలు మూడూ పాస్‌బుక్కులతో పాటు ఇనప బీరువాలో, పాలిథిన్ కవర్లో చుట్టి మిగిలాయి. లేబుళ్ల మీద బాల్‌పెన్నుతో ఆయకట్టు 1, 2, 3 అని నొక్కి రాసి ఉంది.

ఇన్నేళ్ల తర్వాత అవి గుర్తుకు రావడానికి కారణం ఎడగారు (రెండో పంట) నీళ్ల గొడవ. నాలుగో తూము కాలవ చివరన ఉన్న కొన్ని చేలు ఆయకట్టులోనే లేవని పైచేలవాళ్లు అంటున్నారు. "మేం రాయించిన లిస్టులో ఉండాయి అబ్బయా, నా కళ్లతో చూశా" అన్నారాయన.

ఫ్లాపీ ముట్టుకోకముందే ఒక మాట చెప్పాను. లిస్టు బయటికొచ్చినా అది అడంగల్ కాదు, రెవెన్యూ రికార్డు కాదు, సంఘం టైపు చేయించుకున్న కాగితం, అంతే. "ఆ మాత్రం నాకు తెలీదా? ఊళ్లో నలుగురి ముందు పెట్టి మాట్లాడుకోడానికి" అన్నారు. ఈ మాట ముందే అనుకోవడం తర్వాత చాలా పనికొచ్చింది.

షాపుకు వచ్చేసరికి ఏం జరిగింది

మనవడు ఆన్‌లైన్లో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తెప్పించి విండోస్ ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. ఒకటో డిస్కు తెరుచుకుంది, ఫైళ్ల పేర్లు కనిపించాయి, కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోయింది. రెండోది పెడితే ఈ డిస్కు ఫార్మాట్ అయి లేదు, చేయమంటారా అని అడిగింది. పిల్లాడు క్యాన్సిల్ నొక్కాడు. ఆ ఒక్క నొక్కుడే లేకపోతే ఈ కేసే లేదు. మూడోది పెట్టలేదు, భయపడ్డాడు. తర్వాత ఇంకెవరికో చూపిస్తే వైరస్ పట్టింది, డేటా పోయిందని తేల్చేశారట.

ఫార్మాట్ చేయమంటారా అన్న మాటకు డిస్కులో ఏమీ లేదని అర్థం కాదు. మొదటి సెక్టార్, అంటే బూట్ సెక్టార్, చదవడం కుదరలేదని మాత్రమే అర్థం. 3.5 అంగుళాల మామూలు ఫ్లాపీలో 80 ట్రాకులు, రెండు వైపులు, ట్రాకుకు వైపుకు 18 సెక్టార్లు, మొత్తం 2,880. ఒక్కోటి 512 బైట్లు. ఆ 2,880లో మొదటిది ఒక్కటి పోయినా డిస్కు ఖాళీ అన్నట్టే మాట్లాడుతుంది. ఇంటి తలుపు తాళం తుప్పు పట్టిందంటే లోపల సామాను పోయినట్టు కాదుగా.

మూడు ఫ్లాపీలూ రాయడానికి వీలుగా ఉన్నాయి. మూల మీది చిన్న నల్ల ముక్క కన్నాన్ని మూసి ఉంది. కన్నం తెరిచి ఉంటేనే డ్రైవ్ వాటి మీద రాయదు. నేను మొదట చేసింది ఆ ముక్కలు మూడూ గోరుతో జరపడం. లైనక్స్‌లో చదవడానికి మాత్రమే అని ఆప్షన్ ఇచ్చి మౌంట్ చేయొచ్చుగా (తెరవొచ్చుగా) అంటారు. ఇస్తాను, కానీ ఆ ఆప్షన్ మరిచిపోయే రోజు ఒకటి వస్తుంది. ప్లాస్టిక్ ముక్క మరిచిపోదు.

చూడటం

ఆ తర్వాత కూడా వెంటనే డ్రైవ్‌లో పెట్టలేదు. ఇనుప రేకు పక్కకు జరిపి, వెనక ఉన్న గుండ్రటి బిళ్లను వేలితో తిప్పుతూ, ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి చూశాను. ఒకటి, మూడు నల్లగా, నిగనిగలాడుతున్నాయి. రెండో దాంట్లో బయటి అంచున తెల్లటి పొర, బియ్యప్పిండి వేలితో రాసినట్టు ఒక వంపు. బూజు. సముద్రం గాలి, నవంబరు వానలు, పాలిథిన్ కవర్లో చిక్కుకున్న చెమ్మ. మన వైపు ఇది మామూలే.

బూజు బయటి అంచున ఉండటం నాకు నచ్చలేదు. ట్రాకుల లెక్క బయటి నుంచి మొదలవుతుంది. సున్నా ట్రాకు అక్కడే. బూట్ సెక్టార్, ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే పట్టిక, ఫైళ్ల పేర్ల జాబితా, అన్నీ ఆ ఒక్క ట్రాకులోనే సర్దుకుని ఉంటాయి. మధ్యలో బూజు పడితే ఒక ఫైల్లో ముక్క పోతుంది. అంచున పడితే అన్ని ఫైళ్ల అడ్రసులూ పోతాయి.

బూజు డిస్కు పెడితే హెడ్‌కు మురికి అంటుకుంటుంది. ఆ హెడ్‌తోనే తర్వాతి డిస్కు పెడితే గీతలు పడతాయి. పైగా మనవడు ఒకటి, రెండు పెట్టేశాడు, మూడోది అసలు తిరగలేదు. అందుకే మూడు, ఒకటి, రెండు అన్న వరుస పెట్టుకున్నాను.

మొదటి తప్పు

షాపులో మెషిన్ మీద ఉబుంటు లైనక్స్ ఉంది. యూఎస్‌బీ డ్రైవ్ తగిలించి మా కుర్రాడికి అప్పజెప్పాను. అరగంట తర్వాత చూస్తే ఎఫ్‌డీ0 అనే డివైస్ కనిపించడం లేదని ఫ్లాపీ మాడ్యూల్ (డ్రైవర్) లోడ్ చేస్తూ తీసేస్తూ కూర్చున్నాడు. పాత పాఠాలన్నీ ఎఫ్‌డీ0 అనే చెబుతాయి, వాడి తప్పు లేదు. మదర్‌బోర్డుకు పట్టీ కేబుల్‌తో కలిపిన డ్రైవ్‌కే ఆ పేరు. యూఎస్‌బీ ఫ్లాపీని లైనక్స్ పెన్‌డ్రైవ్‌లాగే చూస్తుంది, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని పేరిస్తుంది. కర్నెల్ (లైనక్స్ మూల ప్రోగ్రాం) సందేశాల్లో 2,880 బ్లాకులు అన్న వరుస కనిపిస్తే అదే మనది. పెన్‌డ్రైవ్ అలవాటుతో చివర ఒకటి చేర్చి ఎస్‌డీబీ1 అని కొట్టినా పని జరగదు, ఫ్లాపీకి పార్టిషన్లు ఉండవు.

మూడో డిస్కు సాఫీగా వచ్చింది. ముందు ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికి సెక్టార్ల వారీ నకలు, తీశాం, రెండు నిమిషాలు పట్టింది. ఒక్క సెక్టార్ కూడా పోలేదు. అదే నన్ను చెడగొట్టింది.

ఒకటో డిస్కు కూడా చూడ్డానికి అంతే శుభ్రంగా ఉంది కదా అని ఇమేజ్ తీయకుండా నేరుగా మౌంట్ చేసి ఫైళ్లు కాపీ కొట్టాను. మనవడికి మధ్యలో ఆగిపోయిందన్న సంగతి నా చెవిన పడే ఉంది, అయినా విండోస్ గోల అనుకున్నాను. మూడో ఫైలు దగ్గర డ్రైవ్ కర్ర్... టక్, కర్ర్... టక్ అంటూ ఒకే చోట తచ్చాడటం మొదలైంది. ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వచ్చింది. ఆపమంటే వెంటనే ఆగలేదు, కర్నెల్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంది. మామూలు కాపీకి పాత డిస్కు మీద దయ ఉండదు. రాని చోటే పట్టుకుని వేలాడుతుంది, వచ్చే చోట్లను వెనక్కి నెడుతుంది. డిస్కు రేపటికి ఇంకాస్త పాడైతే ఆ వచ్చే చోట్లు కూడా రావు.

వైరు పీకి, డ్రైవ్ హెడ్ తుడిచి, పాడైన డిస్కుల నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ ప్రోగ్రాంకు వచ్చాను. అది పని చేసే వరుస వేరు. మొదటి విడతలో సులువుగా వచ్చేవన్నీ తీసుకుని, రానివాటిని ఒక మ్యాప్ ఫైల్లో గుర్తు పెట్టుకుంటుంది. తర్వాతి విడతల్లో ఆ రానివాటి దగ్గరికే వెళుతుంది. మొదటి విడతలో గీకుడు వద్దు అన్న ఆప్షన్, కర్నెల్ క్యాష్‌ను దాటి నేరుగా చదివే ఆప్షన్ ఇచ్చాను. 11 సెక్టార్లు రాలేదు. మూడు రీట్రైలు ఇస్తే నాలుగుకు తగ్గాయి. ఆ నాలుగూ మొండికేశాయి.

అటక మీది పెంటియం

ఇక్కడ రెండు దార్లున్నాయి. పది, ఇరవై రీట్రైలు ఇచ్చి వదిలేయడం ఒకటి. డ్రైవ్ మార్చడం ఇంకొకటి. నేను రెండోదే ఎంచుకున్నాను. 1998లో ఏ డ్రైవ్‌లో రాశారో దాని హెడ్ వెంట్రుకవాసి పక్కకు ఉండి ఉంటే, రాత కూడా ట్రాకు మధ్యలో కాక పక్కకు పడుతుంది. దాన్ని ఇంకో డ్రైవ్ బాగా చదవొచ్చు, చదవలేకపోవచ్చు. ఒకే డ్రైవ్‌లో వందసార్లు తిప్పడం కంటే నాలుగు డ్రైవుల్లో ఒక్కోసారి తిప్పడం మేలు, డిస్కుకు అరుగుదల కూడా తక్కువ.

అటక మీద ఒక పెంటియం 4 ఉంది. దించి స్విచ్ వేస్తే బయాస్ సెట్టింగులు నిలిపే సెల్లు చచ్చిపోయి తేదీ, ఫ్లాపీ సెట్టింగు రెండూ మరిచిపోయింది. సెల్లు మార్చి, బయాస్‌లో 1.44 ఎంబీ డ్రైవ్ ఉందని మళ్లీ చెప్పాను. షాపులో పడి ఉన్న పాత డ్రైవులు నాలుగు. ఒకదాని బెల్టు కరిగిపోయింది, ఒకటి తిరగదు, ఒకటి తిరుగుతుంది కానీ ఏదీ చదవదు. నాలుగోది పని చేసింది. పాత డెబియన్ లైనక్స్ లైవ్ సీడీతో బూట్ చేసి ఫ్లాపీ మాడ్యూల్ లోడ్ చేస్తే, మా కుర్రాడు వెతికిన ఎఫ్‌డీ0 ఇక్కడ ప్రత్యక్షమైంది. ఈ డ్రైవర్‌ను చూసుకునే నాథుడు లేడని 2019లో కర్నెల్ వాళ్లు గుర్తు పెట్టుకున్నారు, తర్వాత ఒకరు ముందుకొచ్చి బాధ్యత తీసుకున్నారు. ఫ్లాపీలు తయారుచేస్తూ వచ్చిన సోనీయే 2011లో అమ్మకం ఆపేసింది. కాబట్టి ఈ అటక సామాను పారేయమని ఇంట్లో ఎంత పోరినా నేను వినను.

అదే ఇమేజ్, అదే మ్యాప్ ఫైలు ఈ మెషిన్ మీదికి తెచ్చి డీడీరెస్క్యూకు ఇచ్చాను. మిగిలిన నాలుగు సెక్టార్ల దగ్గరికే పోయింది. నాలుగూ మొదటి తిప్పుకే వచ్చేశాయి. ఒకటో డిస్కు అయిపోయింది.

రెండో డిస్కు

దీన్ని రెండు రోజులు పక్కన పెట్టాను. ముందు ఆరనిచ్చాను. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, పీచు రాలని స్వాబ్‌ను రేకు కిటికీలోంచి ఆనించి, బిళ్లను మెల్లగా తిప్పుతూ రెండు వైపులా తుడిచాను. గట్టిగా రుద్దితే బూజుతో పాటు అయస్కాంతపు పూత కూడా లేస్తుంది. నాలుగు స్వాబులు తెల్లగా, బూడిద రంగులో తేలాయి. పెంకు విప్పి డిస్కును బయటికి తీసి కడిగేవాళ్లున్నారు. అంత అవసరం కనిపించలేదు, తిరిగి అమర్చడంలో జరిగే నష్టం నాకు తెలుసు. తుడిచాక మధ్య ప్రాంతంలో సన్నటి గీత ఒకటి బయటపడింది.

మొదట యూఎస్‌బీ డ్రైవ్‌లో, తర్వాత అటక డ్రైవ్‌లో, ఒకే మ్యాప్ ఫైలుతో. అరవై దాకా ఉన్న రాని సెక్టార్లు రెండు గంటల్లో ఐదుకు వచ్చి ఆగాయి: 0, 3, 4, 1001, 1002. వెనక నుంచి ముందుకు చదివించే ఆప్షన్ ఇచ్చినా కదల్లేదు. ఇక ఫ్లాపీని కవర్లో పెట్టేసి, మిగతా పనంతా ఇమేజ్ కాపీ మీదే చేశాను.

ఈ ఐదింటినీ విడివిడిగా చూడాలి, ఒక్కోదాని సంగతి ఒక్కో రకం.

సున్నా సెక్టార్ బూట్ సెక్టార్. అది పోతే దిగులు లేదు, ఎందుకంటే అందులో ఉండేది ఈ డిస్కు కొలతలే, డేటా కాదు. ఫ్లాపీల పనిముట్లైన ఎంటూల్స్‌లో ఫార్మాట్ కమాండ్‌తో ఖాళీ 1.44 ఎంబీ ఇమేజ్ ఒకటి చేసి, దాని సున్నా సెక్టార్ తెచ్చి ఇక్కడ అతికించాను. అతికించే ముందు ఒక్కటి చూశాను. ఒకటో సెక్టార్ మొదటి మూడు బైట్లు ఎఫ్0, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్ అని ఉన్నాయి. 1.44 డిస్కుకు ఉండే గుర్తు అది. వేరే కొలతల డిస్కు మీద ఈ బూట్ సెక్టార్ అతికిస్తే ఫైళ్లన్నీ తప్పు చోట్ల కనిపిస్తాయి.

ఇమేజ్ మౌంట్ అయింది. పేర్లు వచ్చాయి. ఫాక్స్‌ప్రో డీబీఎఫ్ ఫైలు ఒకటి (ఆ రోజుల్లో పట్టికలు దాచుకునే డేటాబేస్ ప్రోగ్రాం అది), 2,35,842 బైట్లు. నాకు కావలసింది అదే.

ఇక్కడ రెండో తప్పు చేశాను. ఇమేజ్ కాపీయే కదా అని ఫైల్ సిస్టమ్ రిపేర్ కమాండ్‌ను ఆటోమేటిక్‌గా వదిలాను. రెండు పట్టికలు వేరుగా ఉన్నాయి, మొదటిదే తీసుకుంటున్నా అంది. ఈ డీబీఎఫ్ ఇంకో ఫైలుతో ముడిపడి ఉందని చెప్పి, దాన్ని 22,016 బైట్లకు కోసి పారేసింది. 1,840 రికార్డులుండాల్సిన చోట 169 మిగిలాయి.

ఎందుకలా అయిందో కాగితం మీద వేసుకుంటే ముచ్చటేసింది. ఈ డిస్కుల్లో ఫ్యాట్ అనే పట్టిక రెండుసార్లు రాసి ఉంటుంది. మొదటి ప్రతి 1 నుంచి 9 సెక్టార్ల దాకా, రెండోది 10 నుంచి 18 దాకా. ఒక్కో గడి ఈ ముక్క తర్వాత ఏ ముక్క అని చెబుతుంది. గడికి ఒకటిన్నర బైటు. అందుకే కొన్ని గడులు సగం ఈ సెక్టార్‌లో, సగం పక్క సెక్టార్‌లో పడతాయి. మా ఫైలు 640వ ముక్కలో మొదలై వరుసగా సాగుతుంది. 682వ గడిలో తర్వాత 683 అని ఉండాలి. పదహారు లెక్కలో, అంటే హెక్సాడెసిమల్‌లో, అది 2ఏబీ. అందులో 2 పాడైన మూడో సెక్టార్‌లో ఉంది. అది పోయి సున్నా అయ్యేసరికి మిగిలింది 0ఏబీ, అంటే 171. ఆ 171 ఇంకో ఫైలుది. రిపేర్ ప్రోగ్రాం తన లెక్క ప్రకారం సరిగ్గానే చేసింది. పట్టిక మొదట్లో గుర్తు బాగానే ఉంది కాబట్టి మొదటి ప్రతిని నమ్మింది. అందులో రెండు సెక్టార్లు నేను చదవలేక సున్నాలతో నింపినవని దానికెలా తెలుస్తుంది? అది తెలిసినవాణ్ని నేను, మ్యాప్ ఫైలు నా దగ్గరే ఉంది, అయినా దాని చేతికిచ్చాను.

కొత్త కాపీ తీసుకుని చేత్తో చేశాను. 3వ సెక్టార్‌కు జోడీ 12. 4కు జోడీ 13. రెండూ బాగా చదవబడ్డాయని మ్యాప్ చెబుతోంది. డీడీ కమాండ్‌తో 12ను 3లోకి, 13ను 4లోకి అతికించాను, ఫైలు చివర కత్తిరించొద్దన్న ఆప్షన్ ఇచ్చి. అది మరిచిపోతే ఇమేజ్ అక్కడికే ఆగిపోతుంది. ఇప్పుడు రెండు పట్టికలూ ఒకటే. డీబీఎఫ్ 2,35,842 బైట్లతో పూర్తిగా వచ్చింది.

మిగిలినవి 1001, 1002. ఇవి డేటా సెక్టార్లు, వీటికి జోడీ ప్రతి ఉండదు. 27వ ట్రాకు రెండో వైపున పడతాయి, ఆ గీత ఉన్న చోటే. రిపోర్టులో ఖాళీ కళ్లకు కనపడాలని వాటిని ఎక్స్ అక్షరాలతో నింపాను, డీడీరెస్క్యూలోనే ఆ సౌకర్యం ఉంది. సున్నాలు వదిలేస్తే ఖాళీ గడిలా కనిపించి, అక్కడ మొదటి నుంచీ ఏమీ లేదేమో అనిపిస్తుంది.

ఏ వరుసలు పోయాయి

డీబీఎఫ్ ఫైలు రాత చాలా సరళం. ముందు హెడర్, తర్వాత అన్నీ ఒకే పొడవున్న రికార్డులు. ఇక్కడ తొమ్మిది ఫీల్డులు కాబట్టి హెడర్ 321 బైట్లు, రికార్డు 128 బైట్లు. పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉన్నాయి. అప్పటి డీటీపీ తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఉంటే యూనికోడ్‌లోకి మార్చే తంటా ఇంకొకటి ఉండేది.

ముక్కల లెక్క 33వ సెక్టార్ దగ్గర 2తో మొదలవుతుంది కాబట్టి 640వ ముక్క అంటే 671వ సెక్టార్, ఫైలు అక్కడ మొదలైంది. 1001 దాకా 330 సెక్టార్లు, అంటే 1,68,960 బైట్లు. అందులో హెడర్ తీసి 128తో భాగిస్తే నష్టం 1318వ రికార్డు సగంలో మొదలై 1326వ రికార్డు సగంలో ముగిసినట్టు తేలింది. ఏడు పూర్తిగా పోయాయి, రెండు సగం సగం. 1318లో సర్వే నంబరు, పేరు ఉన్నాయి, విస్తీర్ణం లేదు. 1326లో పేరు లేదు, విస్తీర్ణం, తూము ఉన్నాయి. 1,840లో తొమ్మిది అంటే నూటికి అర కూడా కాదు, కానీ ఆ శాతం లెక్క పెద్దాయనకు చెప్పలేదు. ఆయనకు కావలసింది నాలుగో తూము. నాలుగో తూము 1321వ వరుసతో మొదలవుతోంది.

సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి, చాలా వచ్చింది, మీకు కావాల్సిన చోట కొంచెం చిరిగింది అని చెప్పాను. "కాలవ చివర నీళ్లకు అట్నే అయితది, ఫ్లాపీలో కూడా అంతేనా అబ్బయా" అని నవ్వారు.

మూడో డిస్కును అప్పటిదాకా సరిగా చూడలేదు. సాఫీగా వచ్చిందని పక్కన పడేశాను. అందులో ఒక టెక్స్ట్ ఫైలు ఉంది. తూముల వారీగా ప్రింటుకు పంపే ముందు రిపోర్టును ఫైల్లోకి తీసినట్టున్నారు, డాట్ మ్యాట్రిక్స్‌కు సరిపోయే వెడల్పుతో, పేజీకోసారి గీతలతో. ఉన్నది ఒక్క నాలుగో తూము రిపోర్టే. 1321 నుంచి 1326 దాకా ఆరు వరుసలూ అందులో దొరికాయి. 1318, 1319, 1320 మూడో తూమువి. 1318లో సగం తప్ప అవి ఇక లేవు.

దీన్ని డీబీఎఫ్‌లో కలిపేయలేదు. ప్రింటులో ఆ ఆరు వరుసలను బూడిద రంగు గడుల్లో వేసి, ఇవి మూడో డిస్కులోని రిపోర్టు నుంచి తీసుకున్నవి అని పక్కనే రాశాను. చదవగలిగిన మిగతా వరుసల్లో 20 చోట్ల డీబీఎఫ్‌ను, రిపోర్టును పోల్చి చూశాను, అక్షరం తేడా లేదు. అందుకే ఆ ఆరింటినీ వాడటానికి ధైర్యం చేశాను.

నక్షత్రం గుర్తు

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. రికార్డులు చదవడానికి పైథాన్‌లో ఇరవై వరుసల స్క్రిప్టు రాసుకున్నాను. అది ప్రతి రికార్డు మొదటి బైటును కూడా చూపిస్తుంది. మామూలు రికార్డుకు అక్కడ ఖాళీ ఉంటుంది. మూడు రికార్డులకు నక్షత్రం గుర్తు ఉంది.

ఫాక్స్‌ప్రోలో డిలీట్ కొట్టడం అంటే ఆ గుర్తు పెట్టడమే. ప్యాక్ అనే కమాండ్ ఇచ్చేదాకా రికార్డు పోదు, అలాగే పడి ఉంటుంది. ఆ మూడింటిలో ఒకటి నాలుగో తూముది, గొడవలో ఉన్న చేలల్లో ఒకటి. మూడో డిస్కులోని రిపోర్టులో మాత్రం ఆ వరుస మామూలుగానే ఉంది.

రెండు రకాలుగా ఆలోచించాను. ఆయన ఫ్లాపీ, ఆయన డబ్బు, నన్నడిగింది లిస్టు తీసివ్వమని. నక్షత్రం సంగతి చెప్పకుండా అన్ని వరుసలూ ప్రింటు వేస్తే ఆయనకు అనుకూలం. నక్షత్రం ఉన్నవి వదిలేసి ప్రింటు వేస్తే తొలగింపు గుర్తును మన్నించినట్టే ఉంటుంది, కానీ ఆయనకు నష్టం. రెండిట్లోనూ ఎవరికి లాభమో నేనే తేల్చినట్టవుతుంది. కాబట్టి మూడింటినీ విడిగా ఒక పేజీలో వేసి, వీటికి తొలగింపు గుర్తు ఉంది అని ఒక్క వాక్యం రాశాను. రిపోర్టు ఫైలు తేదీ, డీబీఎఫ్ హెడర్లో చివరిసారి మార్చిన తేదీ, రెండూ ఉన్నవి ఉన్నట్టు ఇచ్చాను. రిపోర్టు తేదీ తొమ్మిది రోజులు ముందుంది. దాని మీద నా వ్యాఖ్య రాయలేదు. సెల్లు చచ్చిన కంప్యూటర్ ఏ తేదీ చూపిస్తుందో ఈ వారమే అటక మెషిన్ మీద చూశాను.

పెద్దాయన కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ చుక్కల పేజీ తీసేసి, దీన్ని లిస్టులో కలిపేయరాదా అబ్బయా?" అన్నారు.

"కలపను పెద్దాయనా. రేపు అవతలివాళ్లు ఇదే ఫ్లాపీ ఇంకొకరి దగ్గర తీయించారనుకోండి, ఆ చుక్క వాళ్లకూ కనిపిస్తది. అప్పుడు మిగతా లిస్టంతా అబద్ధం అంటారు."

"అయితే అవతలోళ్లకు నువ్వు చెప్తావా?"

"నేను చెప్పను. మీ కాగితాలు మీవి."

కాసేపాగి, ఆ రోజుల్లో ఒకాయన పేరు రెండుసార్లు పడిందని సెంటర్ వాళ్లు ఏదో తీసేసినట్టు గుర్తుంది అన్నారు. వెనక్కి వెళ్లి చూశాను. మూడు నక్షత్రాల్లో రెండింటికి అదే సర్వే నంబరు, అదే పేరుతో ఇంకో వరుస ఉంది, అంటే అవి జోడీలే. గొడవ చేను నక్షత్రానికి మాత్రం జోడీ లేదు. అది కూడా ఆ పేజీలోనే రాశాను.

నేర్చుకున్నవి, మార్చుకున్నవి

ఈ కేసు తర్వాత షాపు రిజిస్టర్లో ఫ్లాపీకి, పాత హార్డ్‌డిస్కుకు రెండు గడులు చేర్చాను. ఇంతకుముందు ఎవరు పెట్టి చూశారు, ఎక్కడ ఆగింది? ఒకటో డిస్కు సంగతి మనవడు చెప్పాడు, నేనే పట్టించుకోలేదు. గడి ఉంటే రాయక తప్పదు.

శుభ్రంగా కనిపించినా సరే, డిస్కు నుంచి ఫైలు కాపీ చేయడం మానేశాం. ఇమేజ్ ముందు. మా కుర్రాడికి ఇది చెప్పడం సులువే, ఎందుకంటే తప్పు చేసింది వాడు కాదు, నేను.

రిపేర్ ప్రోగ్రాంలను నేను తిట్టను. బాగున్న డిస్కులో చిన్న చిక్కు వస్తే వాటి పని అవి చేస్తాయి. చదవలేని సెక్టార్లున్న ఇమేజ్ మీద మాత్రం, మ్యాప్ ఫైల్ ముందు పెట్టుకుని ఏ సెక్టార్‌లో ఏముందో రాసుకున్నాకే ఏదైనా ముట్టుకుంటాను. 0 బూట్, 1 నుంచి 18 రెండు పట్టికలు, 19 నుంచి 32 పేర్లు, 33 నుంచి డేటా. ఈ నాలుగు ముక్కలు ఇప్పుడు షాపు గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉన్నాయి.

సాఫీగా వచ్చిన డిస్కును చివరిదాకా చూడకపోవడం కూడా పొరపాటే. రిపోర్టు ఫైలు ముందే చూసి ఉంటే ఒక రోజు మిగిలేది. ఆ సాయంత్రం ఫోన్లో ఆయనకు ఇవ్వాల్సిన టెన్షన్ కూడా ఉండేది కాదు.

ఒక విషయంలో ఇప్పటికీ మనసు కుదుటపడలేదు. 27వ ట్రాకు మీది గీత. బూజుతోనే మనవడు పెట్టినప్పుడు హెడ్ గీకి ఉంటుందని నా అనుమానం. పిల్లాడికి చెప్పలేదు.

పెద్దాయనకు ఇచ్చినవి: మూడు ఇమేజ్‌లు, మూడు మ్యాప్ ఫైళ్లు, డీబీఎఫ్, టెక్స్ట్ రిపోర్టు ఉన్న పెన్‌డ్రైవ్ రెండు ప్రతులు, ప్రింటు ఒక ప్రతి. ఫ్లాపీలను పాలిథిన్‌లో కాక మందపాటి కాగితం కవర్లో పెట్టి, కన్నాలు తెరిచి ఉన్నట్టు చూపించి ఇచ్చాను. బీరువాలో కాకుండా, గాలి తగిలే అరలో పెట్టమన్నాను. పారేయొద్దని మరీ మరీ చెప్పాను. "పారేస్తానా" అని, కవర్ మీద మళ్లీ బాల్‌పెన్నుతో నొక్కి రాయబోయారు. పెన్ను లాక్కుని, రాసిన లేబుల్ అతికించి ఇచ్చాను.